ఇంటిలోని కానరాని నీరు

ఇల్లు కట్టు నేర్పు పెరిగినకొలదియు ఇంటిలోని చెమ్మ తగ్గునని మనము సహజముగా తలంతుము. గోడలలో ఉష్ణనిరోధకమైన దట్టపు పొరలు, కిటికీలకు రెండేసి అద్దములు, తలుపుల అంచులకు గాలిని చొరనీయని రబ్బరు పట్టీలు, ఇంటినంతటిని ఒక్కుమ్మడిగా చల్లబఱచు ఏసీ యంత్రము, ఇవన్నియు అమరిన పిమ్మట ఆ గృహమున తేమకు చోటెక్కడిదని యడుగుట న్యాయమే. కాని అమెరికా దేశపు దక్షిణ భాగమున, మెక్సికో సింధుశాఖ మీదనుండి వచ్చు ఆర్ద్రపవనములు ఏడాదిలో సగమునకు పైగా వీచుచుండు హ్యూస్టన్ నగర పరిసరములలో, మేలుగా కట్టిన క్రొత్త యిండ్లే చెమ్మకు ఎక్కువగా లోనగుచుండుటను గృహనిర్మాణ శాస్త్రజ్ఞులు చిరకాలముగా గమనించుచున్నారు. తొలిచూపునకు ఇది వైపరీత్యమువలె తోచును. కారణము నెఱిగినచో ఇంతకంటె సహజమైన సంగతి వేఱొకటి లేదనిపించును.

వెనుకటి యిండ్లు ఎండను ఆపలేకపోయెడివి. పైకప్పునుండియు, కిటికీలనుండియు, గోడల సందులనుండియు వేడి ధారాళముగా లోనికి వచ్చుచుండుటచేత ఏసీ యంత్రము పగలంతయు, రాత్రిలో చాలభాగమును విరామము లేక తిరుగవలసివచ్చెడిది. అట్లు తిరుగుచున్నంతసేపును దాని చల్లని కాయిల్ మీద గాలిలోని ఆవిరి నీరై కారిపోవుచుండెడిది. చల్లబఱచుట దాని విధి. ఆరబెట్టుట ఆ విధితోపాటు అయాచితముగా లభించిన ఫలము. నేటి యింటికి ఎండ అంతగా సోకదు. యంత్రము కొన్ని నిమిషములు తిరిగినంతనే గది కోరిన చల్లదనమునకు దిగును, యంత్రము ఆగిపోవును. ఎండ తగ్గినంతమాత్రమున ఇంటివారి ఉచ్ఛ్వాసనిశ్శ్వాసములు తగ్గునా, స్నానములు తగ్గునా, పొయ్యిమీద మరగు చారు, కాగు ఎసరు తగ్గునా? నలుగురున్న కుటుంబము ఊపిరిచేతను, చెమటచేతను, వంటచేతను, స్నానముచేతను రోజుకు సుమారు పది లీటర్ల నీటిని ఇంటిగాలిలో కలుపుచుండును. వేడి బయటనే నిలిచిపోయినది. ఆవిరి లోపలనే పుట్టుచున్నది. దానిని తొలగింపవలసిన యంత్రము మాత్రము పనిలేక కూర్చున్నది.

చల్లదనము వేఱు, పొడిదనము వేఱు. మొదటిది సమకూర్చుకొన్నచో రెండవది తనంతట వెంటవచ్చునను నమ్మకమే ఈ చిక్కునకంతకు మూలము. ఆ నమ్మకమును విడిచి, తేమను తేమగానే లెక్కించి, దానిని తీసివేయుటకు ప్రత్యేకముగా ఒక యంత్రమును ఇల్లంతటికిని అమర్చుకొను పద్ధతి అమెరికాలోని ఉక్క ప్రదేశములయందు నానాటికి వ్యాపించుచున్నది. ఇల్లంతటికి ఒక్కటిగా నుండు ఆ డీహ్యూమిడిఫయరును గుఱించియే ఈ కథనము.

దుప్పటి ఎందుకు చెమర్చును?

హ్యూస్టన్ చుట్టుప్రక్కల షుగర్‌ల్యాండ్, కేటీ, పియర్‌ల్యాండ్ మున్నగు పట్టణములలో తెలుగు కుటుంబములు పెక్కు స్థిరపడియున్నవి. కాకినాడనుండియో బందరునుండియో ఆఱు నెలలు పిల్లలయొద్ద గడపుటకు వచ్చిన తల్లి, ఉక్కపోత యననేమో పుట్టినది మొదలు ఎఱిగినదే యైనను, ఆ యింట మొదటి వారము గడువకమునుపే, “చల్లగానే ఉందిగానీ దుప్పటి చెమ్మగా తగులుతోందేమిట్రా అబ్బాయ్?” అని యడుగును. “డెబ్భైలో పెట్టానమ్మా, అరవయ్యెనిమిదికి తగ్గించనా?” అని కుమారుడు థర్మోస్టాట్ వద్దకు నడచును. ఫారన్‌హీటు లెక్కలో ఆ రెండు డిగ్రీలు తగ్గించుటయే తప్పుదారి. అది ప్రేమతో చేయు పనియే గాని, చెమ్మను మఱింత పెంచు పని.

ఎందువలననగా, గాలి ఎంత వెచ్చనిదైన అంత ఎక్కువ ఆవిరిని ధరింపగలదు. 30 డిగ్రీల సెల్సియస్ వేడిమిలో ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటిని ఆవిరిరూపమున మోయగలదు. 20 డిగ్రీలలో 17 గ్రాములు మాత్రమే. 10 డిగ్రీలలో 9 గ్రాములకు కొంచెము పైన. మోయగలదానిలో ఎంతభాగమును మోయుచున్నదో తెలుపు లెక్కయే సాపేక్ష ఆర్ద్రత. 30 డిగ్రీల గాలిలో 15 గ్రాముల ఆవిరి యున్నచో దాని ఆర్ద్రత 50 శాతము, హాయిగొలుపు స్థితి. ఆ గాలినే, ఒక్క బొట్టైనను తీయకయు కలుపకయు, 20 డిగ్రీలకు చల్లార్చినచో ఆర్ద్రత 90 శాతమునకు చేరువగును. ఇంకను రెండు డిగ్రీలు దించినచో తగిలిన ప్రతి వస్తువు మీదను తుషారము పట్టును. ఆ మెట్టునే తుషారాంకమందురు. ఆరబెట్టని చల్లదనము చెమ్మను తొలగింపదు సరికదా, చెమ్మకు దారి తీయునన్న సత్యము ఈ రెండు మూడు అంకెలలో ఇమిడియున్నది. దుప్పటి, దిండు, అలమరలోని కాగితము, గోడకు వేసిన సున్నపుపొర, ఇవన్నియు చుట్టునున్న గాలి ఆర్ద్రతా శాతమును బట్టి నీటిని పీల్చుకొనుచుండును; వానికి డిగ్రీలతో పనిలేదు.

తేమశాతమను మాట మన రైతునకు క్రొత్తది కాదు. ధాన్యము కొనుగోలు కేంద్రమున 17 శాతము దాటినదన్న ఒక్కమాటతో బస్తాలు వెనుదిరుగుట, మరల కళ్ళములో ఆరబోయుట అతడు అనుభవించినదే. అయితే అక్కడ కొలుచునది గింజ బరువులో నీటి పాలు. గాలి విషయమున కొలుచునది గాలి మోతలో ఆవిరి పాలు. ఆ కొలతకు మొదట ఉపకరించిన సాధనములలో మానవకేశ మొకటి యగుట చిత్రము. జెనీవాకు చెందిన ఒరాస్ బెనెడిక్ట్ దె సొస్యూర్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు, తేమ సోకినపుడు వెండ్రుక సాగుటను ఆధారము చేసికొని నిర్మించిన ఆర్ద్రతామాపకమును 1783వ సంవత్సరమున వెలువరించిన గ్రంథమున వర్ణించెను. నేడు అదే పని చేయు చిన్న డిజిటల్ హైగ్రోమీటరు పదిపదిహేను డాలర్లకు దొఱకును. వేలడాలర్ల యంత్రమును కొనబోవువాడు ముందుగా వీనిని రెండు మూడింటిని కొని, పడకగదిలో నొకటి, వంటింటిలో నొకటి, బట్టల అలమరలో నొకటి ఉంచి, కనీసము ఒక ఋతువుపాటు ఆ అంకెలను పరిశీలింపవలెనని నా దృఢాభిప్రాయము. కొలువక చేసిన చికిత్స చాలచోట్ల ధనవ్యయముతోనే ముగియును.

ఏసీ యంత్రపు పుట్టుక కూడ వేడిని తగ్గించుటకు కాదు, తేమను అదుపు చేయుటకే యన్న సంగతి పలువురకు తెలియదు. 1902వ సంవత్సరమున న్యూయార్కు నగరపు బ్రూక్లిన్ భాగమున శాకెట్–విల్‌హెల్మ్స్ అను రంగుల ముద్రణాలయము ఉండెడిది. ఒక రంగు అచ్చయిన కాగితము మీదనే రెండవ రంగు, దానిమీద మూడవ రంగు వేయవలసిన ఆ పనిలో, వేసవి తేమకు కాగితము సాగుటయు మరల ముడుచుకొనుటయు జరిగి, రంగొకచోట గీతయొకచోట పడి, అచ్చుపని యంతయు వ్యర్థమగుచుండెను. బఫలో ఫోర్జ్ సంస్థలో క్రొత్తగా ఉద్యోగమున చేరిన విలిస్ క్యారియర్ అను 25 ఏండ్ల ఇంజనీరు, చల్లని నీటిగొట్టముల మీదుగా గాలిని పంపి, అందలి ఆవిరిని కావలసినంత మేరకే తీసివేసి, ముద్రణశాలలో ఆర్ద్రతను 55 శాతమున నిలుపు ఏర్పాటును రూపొందించెను. గాలి, వేడిమి, ఆవిరి ఈ మూడింటి సంబంధమును సూత్రబద్ధము చేసి 1911లో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘమునకు అతడు సమర్పించిన పత్రమే నేటికిని ఈ శాస్త్రమునకు పునాది. ఏసీ ఇండ్లలోనికి వచ్చిన పిమ్మట అంకెలు మారినవి. లోకము డిగ్రీలను పట్టుకొని శాతమును మఱచినది.

ఆ మఱపునకు మఱి రెండు పొరపాట్లు తోడైనవి. మొదటిది, చాలినదానికంటె పెద్ద యంత్రమును అమర్చుట. నాలుగు టన్నులు సరిపోవు ఇంటికి అయిదు టన్నులు పెట్టినచో ఎండకాలమున బలముగా చల్లబడునని ఇంటివారును, ఫిర్యాదులు రావని అమర్చువారును సంతసింతురు. కాని యంత్రము తిరుగ నారంభించిన తొలి నిమిషములలో కాయిల్ మీద నీరు చేరునే గాని క్రిందికి కారదు. కారు దశ వచ్చులోపలనే గది చల్లబడి యంత్రము ఆగిపోవును. రెండవ పొరపాటు, ఫ్యాను మీటను “ఆటో” యందుంచక “ఆన్” యందుంచుట. చల్లబఱచు భాగము ఆగినను ఫ్యాను తిరుగుచునే యుండుటచేత, కాయిల్ మీద నిలిచిన నీరు మరల ఆవిరియై ఇంటిలోనికే వచ్చిచేరును. ఫ్లోరిడా సౌరశక్తి కేంద్రమువారు ఈ విషయమును శ్రద్ధతో కొలిచి నిరూపించిరి. ఒక మీటను మార్చుటచేతనే కొన్ని యిండ్లలో చెమ్మ గణనీయముగా తగ్గును. దీనికి దమ్మిడీ ఖర్చు లేదు.

ఐనను అక్టోబరు మాసపు రాత్రికి ఆ మీటయు చాలదు. ఆ దినములలో హ్యూస్టన్‌లో వెలుపల వేడి లేదు, గాలి మాత్రము ఆవిరితో బరువెక్కియుండును. చల్లబఱచవలసిన అవసరమే లేనందున ఏసీ తిరుగదు. అది తిరుగనందున ఆర్ద్రత గంటగంటకు పెరిగి 65, 70 శాతము వఱకు ప్రాకును. వసంతమున, వానలు ముసురుపట్టిన దినములలో, ఊరికి పోయి ఇల్లు తాళము వేసినపుడు ఇదే స్థితి. ఏసీ యెంత మంచిదైనను ఈ చోట నిస్సహాయము. డీహ్యూమిడిఫయరునకు నిజమైన అక్కఱ ఎండ మండు జూలైలో కంటె ఈ సంధికాలములలోనే హెచ్చు.

యంత్రము చేయు పని

దాని అంతర్నిర్మాణము ఏసీకి సోదరమే. అందులోను కంప్రెసర్ కలదు, చల్లని కాయిల్ కలదు, వేడి కాయిల్ కలదు. ఏసీలో వేడి కాయిల్ ఇంటి వెలుపల ఉండి ఇంటి వేడిని ఆరుబయట విడుచును; డీహ్యూమిడిఫయరులో రెండును ఒకే పెట్టెలో ఒకదాని వెనుక నొకటి యుండును. ఇంటిగాలి మొదట చల్లని కాయిల్‌ను తాకి తన ఆవిరిని నీరుగా విడిచి, వెంటనే వేడి కాయిల్ మీదుగా సాగి, పొడియై, కొంత వెచ్చనై వెలుపలికి వచ్చును. ఈ వెచ్చదనమును లోపముగా నెంచరాదు, ఇది ప్రకృతిధర్మము. ఆవిరి నీరుగా మారునపుడు తనలో దాచుకొన్న గుప్తోష్ణమును విడువవలసినదే. ఒక లీటరు నీరు చేరినదనగా సుమారు 0.68 యూనిట్ల విద్యుత్తుకు సమానమైన వేడి గాలిలో కలిసినదని అర్థము. యంత్రము వాడుకొన్న విద్యుత్తు కూడ చివరకు వేడియై అందులోనే చేరును.

గదిలో నుంచు చిన్న యంత్రమునకును దీనికిని భేదము పరిమాణమున కంటె అమరికలో నున్నది. చిన్నది తానున్న గదినే ఆరబెట్టును. దాని బొక్కెన నిండినప్పుడెల్ల ఎవరైనను ఎత్తి పాఱబోయవలెను. నిండిన బొక్కెనను గమనింపనిచో అది మౌనముగా ఆగిపోవును. ఇల్లంతటికి అమర్చు యంత్రము ఏసీ డక్ట్‌లతో కలిసి, యాటిక్ అను పైకప్పు క్రింది యటకలోనో, యంత్రముల గదిలోనో ఉండి, తీసిన నీటిని గొట్టము ద్వారా మురుగులోనికి తానే పంపుకొనును. గోడమీది మీటలో కావలసిన శాతమును ఒకసారి నిర్ణయించినచో చాలును. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇంటి ఆర్ద్రత 60 శాతమునకు లోబడియుండవలెననియు, 30 నుండి 50 శాతము మధ్య నుండుట ఉత్తమమనియు చెప్పుచున్నది. ఉక్క ప్రదేశమున 50కిని 55కిని నడుమ నిలుపుట వివేకము. అంతకంటె క్రిందికి పోవ యత్నించినచో విద్యుత్తు హెచ్చుగా ఖర్చగును.

అమరికలో శ్రద్ధ వహింపవలసిన తావులు కొన్ని కలవు. తేమగాలిని ఇంటి నడిమి హాలునుండి ప్రత్యేకమైన డక్ట్ ద్వారా గ్రహించి, పొడిగాలిని ఏసీ కాయిల్ దాటిన తరువాతి డక్ట్‌లో కలుపుట మేలు. కాయిల్‌కు ముందే కలిపినచో, తడిసియున్న ఆ కాయిల్ మీదుగా పొడి వెచ్చని గాలి పోయి, యంత్రము తీసిన తేమను మరల ఎత్తుకొని వచ్చును. రెండు యంత్రములును ఒకదాని శ్రమను ఒకటి చెఱుపుకొనుచుండును. రెండవది, పొడిగాలి వెనుకకు మళ్ళకుండ అడ్డుతలుపు ఉండవలెను. నీటి గొట్టమునకు చాలినంత వాలు లేనిచో పాచి పట్టి మూసికొనిపోవును. అటకమీది యంత్రమునుండి నీరు పొంగినచో పడకగది పైకప్పు తడిసి ఊడిపడును. కావున యంత్రము క్రింద ఒక పళ్ళెమును, ఆ పళ్ళెములో నీరు చేరినంతనే యంత్రమును ఆపు ఫ్లోట్ స్విచ్‌ను తప్పక పెట్టించుకొనవలెను. ఖర్చు తగ్గించుకొన దలచినవారు వేఱెక్కడనైనను తగ్గించుకొనవచ్చును గాని ఇక్కడ మాత్రము కూడదు.

ఏ పరిమాణపు యంత్రము కావలెనను ప్రశ్నకు ఇంటి వైశాల్యముకంటె ముఖ్యమైన లెక్క మఱియొకటి కలదు. గాలి చొరరాని యింటికి పరిశుద్ధమైన బయటిగాలిని కొంత నియమముగా రప్పింపవలెనని ఆష్రే అను ఇంజనీర్ల సంఘము 62.2 సంఖ్యగల ప్రమాణమున నిర్దేశించినది. అది ఆరోగ్యమునకు అవసరము. కాని హ్యూస్టన్ వేసవిలో తుషారాంకము తఱచుగా 24 డిగ్రీల చేరువ నుండును. అనగా బయటిగాలి ఘనమీటరునకు సుమారు 22 గ్రాముల ఆవిరిని మోయుచుండును. ఇంటిలో మనము కోరునది 24 డిగ్రీల వేడిమి, 50 శాతము ఆర్ద్రత, అనగా 11 గ్రాములు. లోనికి వచ్చు ప్రతి ఘనమీటరుతోను 11 గ్రాముల అదనపు నీరు వచ్చుచున్నదన్నమాట. గంటకు 100 ఘనమీటర్ల చొప్పున రప్పించినచో రోజుకు 26 లీటర్లు! ఇంటివారు ఊపిరిచేతను వంటచేతను పుట్టించు పది లీటర్లు దీని ముందు స్వల్పమే. పొడిదేశములయందు పనివడని ఈ లెక్క సముద్రతీరమున నిర్ణాయకము. అమెరికాలో ఈ యంత్రముల శక్తిని రోజుకు ఇన్ని పైంట్లని చెప్పుదురు. పైంటు 473 మిల్లీలీటర్లు గనుక 70 పైంట్ల యంత్రము సుమారు 33 లీటర్లు, 98 పైంట్లది 46 లీటర్లు తీయును. ఆ అంకె ప్రయోగశాలలో నిర్ణీతమైన వేడిమిలో, 60 శాతము ఆర్ద్రతయందు కొలిచినది. ఇల్లు అంతకంటె పొడిబాఱినకొలది అదే యంత్రము తీయు నీరు తగ్గును. కొనువారు ఈ వ్యత్యాసమును మనసులో నుంచుకొని కొంత ఎక్కువ శక్తిగలదానినే ఎంచుకొనవలెను.

ఇక వ్యయము. యంత్రమును, అమరికయు కలిసి వేలడాలర్ల లెక్క. వాడుకలో ఒక యూనిట్ విద్యుత్తునకు సుమారు రెండు లీటర్ల నీరు వచ్చుననుకొన్నచో, 30 లీటర్లు తీయవలసిన దినమున 15 యూనిట్లు ఖర్చగును. అందువలన ఇంటిలో చేరిన వేడిని తీయుటకు ఏసీకి ఇంకొక పది పండ్రెండు యూనిట్లు పట్టును. ఇది చిన్న మొత్తము కాదు. అయితే ఏసీ చురుకుగా తిరుగు దినములలో ఆవిరిలో పెద్దపాలును అదియే తీసివేయును గనుక డీహ్యూమిడిఫయరుపై అంత భారము ప్రతిదినమును పడదు. మఱియు గాలి పొడిగా నున్నపుడు 68కి బదులు 74, 75 డిగ్రీల ఫారన్‌హీటులోను సుఖముగా నిదురింపవచ్చును, ఆ పొదుపును ఎదురు లెక్కలో వేసికొనవలెను.

ధనము వెచ్చింపలేనివారికి ఒక ఊఱట కలదు. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో బిల్డింగ్ సైన్స్ కార్పొరేషన్ శాస్త్రజ్ఞులు హ్యూస్టన్‌లో 20 ఇండ్లను తీసికొని వేర్వేఱు ఏర్పాట్లను పోల్చి చూచినపుడు, చౌకగా పని నెఱవేర్చిన వానిలో మేటిగా నిలిచినది హాలు ప్రక్క అలమరలో పెట్టిన సామాన్యమైన డీహ్యూమిడిఫయరు. గాలిని అన్ని గదులకు కలియద్రిప్పు బాధ్యత ఏసీ ఫ్యానునకు అప్పగింపబడినది. పెద్ద యంత్రము సౌకర్యమును, దృఢత్వమును, మౌనమును ఇచ్చును. అదియే ఏకైక మార్గమని మాత్రము ఎవరైన చెప్పినచో నమ్మనక్కఱలేదు.

చెమ్మకు బలియగునవి

చెమ్మ వలన కలుగు నష్టములలో కంటికి కనబడునది బూజు. స్నానపుగది మూలను, బట్టల అలమర వెనుక గోడమీదను అది నల్లగా పొడసూపునాటికి అంతకు చాల పూర్వమే అదృశ్యముగా వ్యాపించి యుండును. కనబడని శత్రువు మఱియొకటి: పఱుపులలోను, తివాచీలలోను నివసించు డస్ట్ మైట్ అను సూక్ష్మకీటకము. ఇంటిదుమ్మువలన కలుగు ఉబ్బసమునకు ఈ కీటకమే ప్రధానకారణమని హాలెండు దేశపు లైడెన్ నగరమున వూర్‌హార్స్ట్, స్పీక్స్‌మా మొదలగు పరిశోధకులు 1960వ దశకమున నిరూపించిరి. ఆ ప్రాణి నీరు త్రాగదు. గాలిలోని ఆవిరినే దేహముతో పీల్చుకొని జీవించును. ఆర్ద్రత 50 శాతమునకు లోబడి చాలకాలము నిలిచినచో ఎండి నశించును. మందు చల్లి చంపలేనిదానిని పొడిగాలి చంపగలదనుట ఉబ్బసముతో బాధపడు బిడ్డగల తల్లిదండ్రులకు ఎంత విలువైన వార్త! తడిసిన యిండ్లలో నివసించువారికి శ్వాసరోగముల ముప్పు హెచ్చని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకములు స్పష్టముగా చెప్పినవి.

తెలుగు కుటుంబము తనతో సముద్రములు దాటించి తెచ్చుకొన్న వస్తువులను కూడ ఈ సందర్భమున స్మరింపవలెను. పట్టుచీరల మడతలలో తేమ నిలిచినచో మచ్చలు పడును, జరీ మెఱుపు కోల్పోవును. మృదంగపు చర్మము తేమకు సడలి శ్రుతి దిగును. పనసకఱ్ఱతో చేసిన బొబ్బిలి వీణ చెమ్మకు ఉబ్బును. అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. అదే వీణ న్యూజెర్సీ చలికాలమున హీటర్లు తిరుగు ఇంటిలో 20 శాతము ఆర్ద్రతకు దిగినపుడు ఎండి బీటవాఱును. కఱ్ఱకు శత్రువు తేమ మాత్రమే కాదు, ఒడుదుడుకులు. కావున యంత్రము చలికాలమున ఆగియుండుటయు, కొన్నిచోట్ల గాలికి తేమను కలుపవలసివచ్చుటయు ఈ నియంత్రణలోని భాగమే.

న్యూజెర్సీ మాట వచ్చినది గనుక అచ్చటి బేస్‌మెంటును గుఱించి ఒక మాట చెప్పక తప్పదు. భూమిలోనికి దిగియున్న ఆ గదులలో వేసవియందు ముక్కవాసన వచ్చినపుడు గాలియాడుటకై కిటికీలు తెఱచుట అందఱును చేయు పని. బయటిగాలి 30 డిగ్రీల వేడిమిలో 60 శాతము ఆర్ద్రతతో నున్నదనుకొనుడు; దాని తుషారాంకము 21 డిగ్రీలు. భూగర్భపు గోడ 18 డిగ్రీలలో నుండును. ఆ గాలి ఆ గోడను తాకిన క్షణముననే నీరగును. ఆరబెట్టదలచి తెఱచిన కిటికీ తడినే తెచ్చును. వేసవిలో బేస్‌మెంటు కిటికీలను మూసియుంచి, డీహ్యూమిడిఫయరును నడుపుటయే అచ్చట సరియైన మార్గము.

యంత్రమునకు పూర్వము చేయదగిన పనులను విస్మరించుట మాత్రము వివేకము కాదు. వంటింటి చిమ్నీ వలె కనబడుచు గాలిని ఫిల్టరు గుండా మరల వంటింటిలోనికే విడుచు హుడ్‌లు అమెరికాలో చాల యిండ్లలో కలవు. మన వంటకు అవి చాలవు, వెలుపలికి గొట్టముగల హుడ్ కావలెను. స్నానపుగది ఫ్యాను స్నానమైన పిమ్మట కొంతసేపు తిరుగవలెను. బట్టలను ఇంటిలోపల దండెములమీద ఆరవేసినచో ఒక్క వాయికే రెండు లీటర్లకు తక్కువ గాకుండ నీరు గాలిలో చేరును. యాటిక్‌లోని డక్ట్‌లకు చిల్లులున్నచో చల్లనిగాలి అటకలోనికి పోవుటే గాక, ఆ వెలితిని పూరించుటకు బయటి ఉక్కగాలి ప్రతి సందునుండియు ఇంటిలోనికి లాగబడును. చిల్లిని మూయక యంత్రమును పెట్టుట ఊటబావిని తోడబూనుటయే.

మన తీరమునకు ఈ యంత్రము పనికివచ్చునా? విశాఖపట్టణమున, కాకినాడలో, మచిలీపట్నమున ఆషాఢ శ్రావణములలో గాలి హ్యూస్టన్ గాలికంటె పొడియైనది కాదు. కాని మన యిల్లు కట్టుబడియే వేఱు. కిటికీలు తెఱచియుండును, తలుపు తెఱచియుండును, గాలి ఒకవైపున వచ్చి ఒకవైపున పోవుచుండును. గాలి నిలువనిచోట చెమ్మ బూజుగా మారు అవకాశమును తక్కువ. మండువా లోగిళ్ళలో పూర్వులు అనుసరించిన నీతి ఇదియే. తెఱచిన యింటికి ఇల్లంతటి యంత్రము వృథా. అయితే అపార్టుమెంటులో రాత్రియంతయు మూసి ఏసీ వేయు పడకగది ఆ లోగిలికి వారసురాలు కాదు. దాని స్థితి హ్యూస్టన్ ఇంటి స్థితియే. అట్టి మూసిన గదికి గదిలో నుంచు చిన్న డీహ్యూమిడిఫయరు పనికివచ్చును. అంతకంటె ముందు ఏసీలోని “డ్రై” మీటను వానకాలపు రాత్రులందు వాడి చూచుట యుక్తము, అది ఫ్యానును మందగింపజేసి చల్లదనముకంటె ఆరబెట్టుటకు ప్రాధాన్యమిచ్చును. పుస్తకముల బీరువాను బయటిగోడకు ఆనించక బెత్తెడు ఎడముంచవలెను. అందు సిలికాజెల్ పొట్లములను పెట్టువారు అవి తేమతో నిండిన పిమ్మట మరల వేడిచేసి ఆరబెట్టనిచో పెట్టియు ప్రయోజనము లేదని గుర్తింపవలెను.

గదిలోని యంత్రపు బొక్కెనను దినమున కొకసారియైనను ఖాళీచేసి కడుగవలెను. నిలిచిన నీటిలో పాచియు, దోమపిల్లలును చేరును. ఆ నీరు ఆవిరినుండి వచ్చినది గనుక స్వచ్ఛమని చాలమంది తలంతురు. అది కాయిల్ మీది దుమ్మును, లోహపు కణములను, సూక్ష్మజీవులను కడిగికొని వచ్చినది, త్రాగుటకు తగదు. కుండీలలోని పూలమొక్కలకు పోయవచ్చును, నేల తుడుచుటకు వాడవచ్చును. ఇన్వర్టరు బ్యాటరీలో పోయుటకు ఏసీ నీటిని పట్టి యుంచుకొను అలవాటు మన ఊళ్ళలో కలదు. ఈ నీటితో అట్లు చేయరాదు, బ్యాటరీకి దుకాణమున అమ్ము డిస్టిల్డ్ వాటరునే కొని పోయవలెను.